ఇంజను దింపే ముందు చెవి పెట్టి వినాలి

బాడుగ కార్ల యజమానులను ముంచుతున్న 'టకటక'

పల్లెల్లో కారు కలిగినవారి వాకిట నిలబడే అలంకారంగా ఉన్న రోజులు పోయాయి. చిత్తూరు జిల్లాలో బాడుగ కారు లేని పెద్ద ఊరు నేడు అరుదు. రాత్రివేళ నొప్పులు పడుతున్న గర్భిణిని ఆసుపత్రికి చేర్చాలన్నా, ముసలివారిని రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నా, పెళ్లివారు తిరుమల కొండ ఎక్కాలన్నా ఆ కారే దిక్కు. నడిపేవాడే చాలాచోట్ల యజమాని కూడా. ఫైనాన్సు కంపెనీకి నెలనెలా కంతు కట్టాలి, ఇన్సూరెన్సు కట్టాలి, మిగిలినదానితో ఇల్లు గడవాలి. బండి వారం రోజులు షెడ్డులో పడుకుంటే ఆ ఇంట్లో పొయ్యి మండటం కష్టం.

అటువంటి బండి ఇంజనులో ఒకనాడు 'టక్ టక్' మని కొత్త శబ్దం మొదలవుతుంది. ఆపైన జరిగేది సాధారణంగా రెండు రకాలు. కొందరు పాటల శబ్దం పెంచుకుని, 'ఈ ముహూర్తాలు అయిపోనీ, తర్వాత చూద్దాం' అని నెట్టుకొస్తారు. మరికొందరు ఆ రోజే షెడ్డుకు తోలుకుపోతారు. అక్కడ బానెట్టు ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి చూడటంతోనే 'ఇంజను దింపాల్సిందే అన్నా' అనే తీర్పు వెలువడుతుంది. మొదటి రకం మనిషి ఇంజను పోగొట్టుకుంటాడు. రెండో రకం మనిషి చాలాసార్లు అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటాడు. ఈ రెండు నష్టాలకూ మూలం ఒక్కటే. ఆ శబ్దం ఎక్కడిదో, ఎప్పుడు వస్తున్నదో, దేనివల్ల వస్తున్నదో నిదానంగా పరీక్షించినవారు లేరు.

రింగులు, బేరింగులు మార్చి, హెడ్డు పని చేయించి, ఇంజను ఎక్కించి స్టార్టు చేస్తే అదే శబ్దం మళ్లీ వినిపించిందన్న ఫిర్యాదులు డ్రైవర్ల నోట వింతగా ఉండవు. తీరా చూస్తే అది ఏసీ కంప్రెసరు పుల్లీదో, విరిగిన ఇంజను మౌంటింగుదో, సైలెన్సరు పైపు మీది వదులైన రేకుదో అవుతుంది. జబ్బు తెలియకుండా కడుపు కోసిన వైద్యుణ్ణి ఎవరూ క్షమించరు. ఇంజను విషయంలో మాత్రం అదే పని జరిగినా 'యంత్రం కదా' అని ఊరుకుంటున్నారు. ఈ పద్ధతి మారాలి. ఇంజను దింపడం ఆఖరి పని కావాలి.

శబ్దం ఎందుకు వస్తుంది?

ఇంజనులో పిస్టను కిందికీ పైకీ ఆడుతుంది. ఆ ఆటను కనెక్టింగు రాడ్డు క్రాంకుకు అందించి చక్రంలా తిప్పుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదంటే సెకనుకు 50 చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఆ వేగంలో సెకనుకు వందసార్లు ఇంధనం అంటుకుంటుంది. ఇంత వేగంగా తిరిగే క్రాంకుకూ దాన్ని పట్టుకున్న బేరింగుకూ మధ్య ఉండే సందు తలవెంట్రుక మందానికి లోపే. ఆ సందులో ఆయిలు పొర ఉన్నంతకాలం ఇనుము ఇనుమును తాకదు. పొర తెగినా, సందు పెరిగినా లోపల సమ్మెట దెబ్బలు మొదలవుతాయి. ఇది నిజంగా ప్రమాదకరమైన శబ్దం.

అయితే ఇంజను చుట్టూ తిరిగేవి, వణికేవి, వదులయ్యేవి ఇంకా చాలా ఉన్నాయి. ఆల్టర్నేటరు, నీళ్ల పంపు, ఏసీ కంప్రెసరు, టైమింగు చైను, వాల్వులు, క్లచ్చి, మౌంటింగులు, సైలెన్సరు. వీటిలో ఏది చెడినా డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి అది 'ఇంజను కొట్టుకుంటున్నట్టే' వినిపిస్తుంది. అందుకే శబ్దం విన్న క్షణంలోనే తీర్పు చెప్పేవారిని నమ్మరాదు.

ముందు ఆయిలు చూడాలి

ఏ శబ్దమైనా సరే, మొదట చేయవలసిన పనికి పైసా ఖర్చు లేదు. బండిని మిట్టపల్లాలు లేని చోట నిలిపి, ఇంజను ఆపి, పది నిమిషాలు ఆగి డిప్ స్టిక్కు తీసి తుడిచి మళ్లీ ముంచి చూడాలి. ఆయిలు రెండు గీతల నడుమ ఉండాలి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు లీటరు. కింది గీతకు కూడా అందకపోతే, మలుపుల్లోనూ ఎత్తుల్లోనూ పంపు ఆయిలుకు బదులు గాలిని పీల్చే ప్రమాదం ఉంది.

ఇక్కడ చాలామంది డ్రైవర్లలో ఒక అపోహ ఉంది. 'ఎర్ర లైటు వెలగలేదు కాబట్టి ఆయిలు ఉన్నట్టే' అనుకుంటారు. సాధారణంగా కార్లలో ఉండే ఆ ఎర్ర లైటు ఆయిలు ఎంత ఉందో చెప్పేది కాదు. ఆయిలు ఒత్తిడి పడిపోయినప్పుడు మాత్రమే అది వెలుగుతుంది. అది వెలిగేసరికి బేరింగులకు నష్టం మొదలై ఉండవచ్చు. అందుచేత నడుస్తుండగా ఆ లైటు వెలిగితే 'ఊరు దగ్గరే కదా' అని నడపకూడదు. రోడ్డు పక్కకు తీసి అక్కడికక్కడే ఇంజను ఆపాలి. ఆ కిలోమీటరు దూరం ట్రాక్టరుతో లాగించుకున్న ఖర్చు క్రాంకు ఖర్చులో ఏ మూలకూ రాదు.

ఆయిలు తగ్గి ఉంటే కంపెనీ చెప్పిన రకం ఆయిలు పోసి, శబ్దం మారిందో లేదో వినాలి. పాత బండ్ల అలవాటుతో కొత్త ఇంజనుల్లో చిక్కటి ఆయిలు పోయించేవారు ఉన్నారు. 'చిక్కగా ఉంటే శబ్దం అణుగుతుంది' అని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. సన్నని దారుల్లో పలచటి ఆయిలు పారేలా తయారైన ఇంజనులో చిక్కటి ఆయిలు పోస్తే, తెల్లవారుజామున స్టార్టు చేసినప్పుడు అది పైభాగానికి చేరడం ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ భాగాలు ఒట్టిగా రాసుకుంటాయి. శబ్దాన్ని అణచడానికి పోసిన ఆయిలే శబ్దానికి కారణం కావచ్చు.

ఎప్పుడు వస్తున్నది?

శబ్దం ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తున్నదన్నది ఎక్కువ విషయం చెబుతుంది. ఇది మెకానిక్కు కంటే రోజూ బండి తోలేవాడికే బాగా తెలుస్తుంది. కాబట్టి షెడ్డుకు పోయేముందే డ్రైవరు కొన్ని సంగతులు గమనించి పెట్టుకోవాలి.

తెల్లవారి స్టార్టు చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే, రాత్రంతా ఆయిలు కిందికి దిగిపోయిందని అనుమానించాలి. మంచి ఆయిలు ఫిల్టరులో ఆయిలు వెనక్కి పోకుండా ఒక రబ్బరు కవాటం ఉంటుంది. నాసిరకం ఫిల్టర్లలో అది పనిచేయదు. ఆయిలు ఒత్తిడితో బిగుసుకునే టైమింగు చైను టెన్షనరు అరిగినా ఇదే తీరు.

చల్లటి ఇంజనులో మాత్రం బొద్దుగా టపటపమని, వేడెక్కేకొద్దీ తగ్గిపోయే శబ్దం సాధారణంగా పిస్టను బోరులో కాస్త వదులుగా ఆడటం వల్ల వస్తుంది. వేడికి పిస్టను వ్యాకోచించి సందు పూడుతుంది. పూర్తిగా పోతున్నంతవరకు వెంటనే కొంపమునిగేది కాదు, కనిపెట్టి ఉంటే చాలు.

ఇందుకు తిరగబడి, చల్లగా ఉన్నప్పుడు తక్కువగా, వేడెక్కాక ఎక్కువగా వినిపించే బరువైన శబ్దం చెడ్డది. వేడికి ఆయిలు పలచనై బేరింగు సందులో నిలవడం లేదని అర్థం. వేడిమీద స్లోలో ఉన్నప్పుడు ఆయిలు లైటు కూడా మిణుకుమిణుకుమంటే అనుమానం బలపడుతుంది.

ఇంజను పైభాగం నుంచి కుట్టుమిషను మాదిరి సన్నగా 'టిక్ టిక్' మంటే అది ఎక్కువగా ట్యాపెట్ల శబ్దం. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టే తిరుగుతుంది. కనుక ట్యాపెట్టు టిక్కులు ఇంజను వేగంలో సగానికే వస్తాయి. కింది బేరింగు దెబ్బ చుట్టుకొకటి చొప్పున పడుతుంది. అనుభవం ఉన్న చెవి ఈ తేడాను పసిగడుతుంది. ట్యాపెట్లు సరిచేయడానికి ఇంజను దింపనక్కరలేదు.

బండి కదలకుండా ఉన్నప్పుడు లేని శబ్దం గేరు వేసి వదిలేటప్పుడు ఒక్కసారి 'దబ్' మంటే మౌంటింగులు చూడాలి. క్లచ్చి తొక్కితే మొదలయ్యేదో, తొక్కితే ఆగిపోయేదో అయితే క్లచ్చి బేరింగు, గేరు బాక్సు వైపు వెతకాలి. ఏసీ వేస్తే వచ్చి, తీస్తే పోయే శబ్దానికి ఇంజను మీద నింద వేయడం అన్యాయం.

ఎక్కడినుంచి వస్తున్నది?

చోటు కనిపెట్టడానికి పొడవాటి స్క్రూడ్రైవరు చాలు. దాని మొన ఇంజను మీద ఒక్కోచోట ఆనించి, పిడికి చెవి పెట్టి వింటే శబ్దం ఎక్కడ గట్టిగా ఉందో తెలుస్తుంది. ఆయిలు పాను దగ్గర గట్టిగా ఉంటే కింది బేరింగులు, పైమూత దగ్గర ఉంటే వాల్వులు, ముందువైపు ఉంటే చైనో, బెల్టు మీద తిరిగే సామగ్రో. డాక్టరు స్టెతస్కోపు లాంటి సాధనం మెకానిక్కుల కోసం కూడా దొరుకుతుంది. ఈ పని చేసేటప్పుడు భుజం మీది తువ్వాలు, వేలాడే పంచె కొంగు, పొడుగు చేతులు తీసి పక్కన పెట్టాలి. తిరిగే ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా నిలబడాలి. చాలా కార్లలో రేడియేటరు ఫ్యాను దానంతటదే హఠాత్తుగా తిరుగుతుందన్న సంగతి మరవరాదు.

రెండో పరీక్ష బెల్టుది. ఇంజను ఆపి, ఆల్టర్నేటరును, కంప్రెసరును తిప్పే బయటి బెల్టు తీసి, అర నిమిషం లోపల ఇంజను స్టార్టు చేసి ఆపాలి. శబ్దం పోయిందంటే రోగం ఇంజను లోపల లేదు. నీళ్ల పంపు కూడా ఆ బెల్టు మీదే తిరిగే బండ్లలో ఎక్కువసేపు నడపకూడదు.

మూడోది అన్నిటికన్నా విలువైనది. ఇంజను స్లోలో ఉండగా ఒక్కో సిలిండరును వరుసగా పని మాన్పించి వినడం. పాత కార్బురేటరు బండ్లలో ప్లగ్గు వైరు తీసేవారు. ఇప్పటి పెట్రోలు బండ్లలో ఆ సిలిండరు ఇంజెక్టరు ప్లగ్గు ఊడదీయడం మేలు. అప్పుడు మండని పెట్రోలు సైలెన్సరులోని కాటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని పాడుచేయదు. ఏ సిలిండరును ఆపితే శబ్దం బాగా తగ్గుతుందో ఆ సిలిండరు రాడ్డు బేరింగు మీదో, పిస్టను మీదో అనుమానం నిలుస్తుంది. ఏది ఆపినా పెద్దగా మార్పు లేకుండా, అడుగునుంచి బరువుగా దద్దరిల్లుతుంటే మెయిన్ బేరింగులు కావచ్చు. ఈ పరీక్షకు పట్టేది పావుగంట. ఆ పావుగంట ఖర్చుపెట్టకుండా వారం పనికి దిగుతున్నారన్నదే విచారకరం.

ఇంకా అనుమానం ఉంటే ఆయిలు దించి శుభ్రమైన తెల్లగుడ్డలో వడగట్టాలి. ఫిల్టరును కోసి మడతలు విప్పి చూడాలి. మెరిసే పొడి కనబడితే అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకుంటే ఉక్కు, ఇనుము అరుగుతున్నట్టు. మెరుస్తూ కూడా అంటుకోకపోతే బేరింగు లోహం రాలుతున్నదని అనుమానించాలి. ఆయిలు లైటు సెన్సారు తీసి ఆ రంధ్రంలో ప్రెషరు గేజి బిగించి, వేడి ఇంజనులో ఒత్తిడి ఎంతో కంపెనీ లెక్కతో పోల్చాలి. ఇవన్నీ అయ్యాక కూడా రోగం లోపలే అని తేలితే అప్పుడు ఇంజను దింపమని చెప్పే హక్కు మెకానిక్కుకు ఉంటుంది.

ఘాటు ఎక్కేటప్పటి శబ్దం వేరు

బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు, తిరుమల రెండో ఘాటు రోడ్డులో మనుషులను నిండా ఎక్కించుకుని పోయేటప్పుడు పెట్రోలు కార్లలో ఒక శబ్దం వస్తుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు ఉంటుంది. ఎక్సిలేటరు వదిలితే పోతుంది, తొక్కితే వస్తుంది. ఇది బేరింగు శబ్దం కాదు. అసలు 'నాకింగు' అనవలసింది దీన్నే.

చెరకు కొట్టాక తోటలో ఆకుకు ఒక మూల నిప్పు పెడితే మంట వరుసగా పాకుతూ పోతుంది. ఇంజనులో కూడా ప్లగ్గు దగ్గర పుట్టిన మంట అలాగే పాకాలి. వేడి, ఒత్తిడి మితిమీరితే మంట చేరకముందే అవతలి మూల ఉన్న మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. ఆ దెబ్బ సిలిండరు గోడలకు తగిలి మోగుతుంది. ఒకటి రెండు నిమిషాలకు ఏమీ కాదు. రోజూ అదే తంతు అయితే రింగులు విరగవచ్చు, పిస్టను నెత్తి కరిగి చిల్లు పడవచ్చు.

దీనికి మొదటి కారణం డ్రైవరు కాలు, చెయ్యి. పెట్రోలు ఆదా అవుతుందని ఎత్తులో కూడా నాలుగో గేరు దించకుండా ఇంజనును గునిసి లాగించడం చాలామందికి అలవాటు. ఒక గేరు తగ్గించగానే శబ్దం ఆగిపోతే, షెడ్డుకు పోనక్కరలేదు, అలవాటు మార్చుకుంటే చాలు. ఆ తర్వాత చూడవలసినవి రేడియేటరు నీళ్లు, ఇంజను వేడి, సిలిండరులో పేరుకున్న మసి, బండికి తగని ప్లగ్గులు.

కొత్త పెట్రోలు బండ్లలో ఈ శబ్దాన్ని పసిగట్టడానికి ఇంజను బ్లాకు మీద 'నాక్ సెన్సారు' అనే చిన్న పరికరం ఉంటుంది. అది కబురు పెట్టగానే కంప్యూటరు నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేసి ఇంజనును కాపాడుతుంది. కాబట్టి కొత్త బండిలో ఈ శబ్దం అదేపనిగా వస్తుంటే ఆ సెన్సారును, దాని వైరును చూడాలి. పశువుల కొట్టం పక్కన నిలబెట్టిన కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం పల్లెల్లో కొత్త సంగతి కాదు. స్కానరు పెట్టి చూస్తే చాలాసార్లు ఈ లోపం నిమిషాల్లో బయటపడుతుంది. సెన్సారు బోల్టును కంపెనీ చెప్పినంత బిగువుతోనే బిగించాలి. అతిగా బిగించినా, వదులుగా ఉంచినా అది తప్పుడు కబురు పెడుతుంది.

పెట్రోలు పాపం ఎంత?

శబ్దం రాగానే పెట్రోలు బంకును తిట్టడం మరో అలవాటు. కిరోసిను వంటివి కలిసిన పెట్రోలు నాకింగును పెంచుతుందన్నది నిజమే. కాని అనుమానం వేరు, రుజువు వేరు. ఫిల్టరు కాగితం పరీక్ష చేయమని, సాంద్రత చూపమని, ముద్రవేసిన ఐదు లీటర్ల కొలతతో కొలిచి చూపమని అడిగే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది. కాగితం మీద వేసిన పెట్రోలు చుక్క రెండు నిమిషాల్లో ఆరిపోయి జిడ్డు మరక మిగలకపోతే మంచిదని గుర్తు. బంకు రికార్డులోని సాంద్రతకూ పరీక్షలో తేలినదానికీ ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉంటే అనుమానించాలి. ఈ హక్కు ఉన్నదని తెలిసినా అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ.

ఇథనాలు కలిపిన పెట్రోలు మీద కూడా ఇటీవల అపవాదులు వినబడుతున్నాయి. దేశంలో 2025 నాటికి ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు బంకులన్నిటా వచ్చింది. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, మైలేజి గురించి వాహనదారులకు ఉన్న ఆందోళన వేరే చర్చ. నాకింగు మాటకొస్తే మాత్రం ఇథనాలు దాన్ని పెంచేది కాదు, తగ్గించేది. వానాకాలంలో ట్యాంకులోకి నీరు చేరకుండా చూసుకోవడం మాత్రం అవసరం. నీరు చేరితే ఇథనాలు దానితో కలిసి అడుగుకు దిగుతుంది, బండి మొరాయిస్తుంది.

నాకింగు ఎంత పెద్ద సమస్యో చరిత్ర చూస్తే తెలుస్తుంది. దాన్ని అణచడానికి పెట్రోలులో సీసం కలపవచ్చునని అమెరికాలో 1921లో కనిపెట్టారు. ఇంజను శబ్దం తగ్గింది గాని పొగలోని సీసం పసిపిల్లల మెదళ్లకు విషమైంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో దాన్ని మానింది. శబ్దాన్ని అణచడమే పరమావధిగా పెట్టుకుని, దాని వెనుక ఉన్నదాన్ని పట్టించుకోకపోతే ఎంత చేటో ఈ ఒక్క సంగతి చాలు.

డీజిలు బండి మాట

బొలేరోలు, సుమోలు వంటి డీజిలు బండ్లకు కొంత శబ్దం పుట్టుకతోనే ఉంటుంది. అక్కడ ప్లగ్గు రవ్వ లేదు, నలిగి వేడెక్కిన గాలిలో డీజిలు దానంతటదే అంటుకుంటుంది. చలి పొద్దున ఆ శబ్దం ఎక్కువ. అయితే ఒక్క సిలిండరు మాత్రం మిగతావాటికంటే గట్టిగా, పదునుగా కొడుతుంటే, పొగ కూడా మారితే, ముందు నాజిలును పరీక్షకు పంపాలి. నాజిలు కారితే వచ్చే శబ్దం రాడ్డు బేరింగు శబ్దాన్ని అచ్చంగా పోలి ఉంటుంది. దాన్ని చూడకుండా ఇంజను దింపడం తొందరపాటు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాత పంపు బండ్లలో నాజిలు పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండరు లోపమో కనిపెట్టేవారు. కామన్ రైల్ ఉన్న ఇప్పటి బండ్లలో ఇంజను నడుస్తుండగా ఆ పని చేయనే కూడదు. ఆ పైపులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిగుచ్చినంత గాయమే కనబడినా చెయ్యి పోయే ప్రమాదం ఉంది. పాత అలవాటున ఈ పని చేయబోయే కుర్రాళ్లను షెడ్డు పెద్దలు వారించాలి.

ఆగవలసిన చోట ఆగాలి

అనవసరంగా ఇంజను దింపరాదన్నంత గట్టిగానే, దింపవలసినప్పుడు వాయిదా వేయరాదని కూడా చెప్పాలి. వేడిమీద పెరిగే బరువైన దెబ్బ, తగ్గిన ఆయిలు ఒత్తిడి, ఫిల్టరులో లోహపు పొడి, ఈ మూడూ కలిస్తే ఆ బండి రోడ్డెక్కకూడదు. ఆ దశలో ఆగితే బేరింగులతో పోవచ్చు. ఇంకొన్నాళ్లు తోలితే క్రాంకు గీతలు పడి లేతుకు పంపి అరగదీయించాలి. ఇంకా తోలితే రాడ్డు తెగి బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు మిగిలేది పాత ఇనుము. అది అర్ధరాత్రి వేళ, వెనుక సీట్లో రోగిని పెట్టుకుని రాయవేలూరు దారిలో పోతుండగా జరిగితే నష్టాన్ని రూపాయల్లో లెక్కకట్టలేము.

షెడ్డుల బాధ కూడా వినాలి

తప్పంతా మెకానిక్కులదే అనడం సబబు కాదు. పదేళ్ల వయసులో స్పానరు పట్టి, తిట్లు తిని, గురువు చేతి కింద పని నేర్చినవారే పల్లె షెడ్డుల్లో ఎక్కువ. వారి చెవికి ఉన్న పదును ఏ స్కానరుకూ లేదు. కాని బండ్లు మారినంత వేగంగా వారికి శిక్షణ అందలేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. సెన్సార్లు, కంప్యూటర్లు పెరిగాయి. ప్రెషరు గేజి, కంప్రెషన్ గేజి, స్కానరు కొనే స్తోమత అందరికీ లేదు. పైగా యజమాని తొందర ఉండనే ఉంది. 'సాయంత్రానికి బండి కావాలి' అంటూ నెత్తిన నిలబడితే పరీక్షకు తీరిక ఎక్కడ? పరీక్ష చేసినందుకు రెండు వందలు అడిగితే 'ఏం మార్చావని డబ్బులు?' అని నిలదీసేవారు, ఇంజను దింపితే వేలకు వేలు మారు మాట లేకుండా ఇస్తున్నారు. సామాను మార్చితేనే కూలి గిట్టే పద్ధతిలో సామాను మార్చడమే వైద్యమవుతుంది. రోగం కనిపెట్టిన తెలివికి కూలి ఇవ్వడం యజమానులు నేర్చుకోవాలి.

అదే సమయంలో షెడ్డులు కూడా కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. ఇంజను దింపేముందు ఏయే పరీక్షలు చేశారో, ఏమి తేలిందో ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. మార్చిన పాత సామాను యజమానికి చూపించి అప్పగించాలి. బిల్లు ఇవ్వాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

బిల్లు అడిగి తీసుకోవడం యజమానికే రక్ష. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు కూడా సేవే. అందులో లోపం జరిగితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. బాడుగ బండి కాబట్టి తమకు వర్తించదని భయపడనక్కరలేదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే వాడుకునేవారిని ఆ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. 1915 నంబరుకు ఫోను చేస్తే సలహా దొరుకుతుంది. అయితే కాగితం లేనివాడి మాట ఎక్కడా చెల్లదు.

ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. ఐటీఐలలో మోటారు మెకానిక్కు కోర్సులు నడుస్తున్నాయి. పనిముట్లు ఉన్నాయి, బోధించేవారు ఉన్నారు. షెడ్డుల్లో ఇప్పటికే పనిచేస్తున్నవారికి ఆదివారాల్లో రెండు మూడు వారాల పాటు కొత్త ఇంజనుల పరీక్షా పద్ధతులు నేర్పితే అదనపు భవనాలు అక్కరలేదు. మండల కేంద్రాల్లో నలుగురైదుగురు మెకానిక్కులు కలిసి ఒక స్కానరు, ఒక సెట్టు గేజీలు కొనుక్కునేందుకు బ్యాంకులు చిన్న అప్పులు ఇవ్వాలి. ట్రాక్టరు కొనడానికి అప్పిచ్చే బ్యాంకుకు, ఆ ట్రాక్టరును బాగుచేసేవాడికి అప్పివ్వడం భారం కాకూడదు. జిల్లా అధికారులు, ఐటీఐ ప్రిన్సిపాళ్లు, మెకానిక్కుల సంఘాలు కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే ముహూర్తాల సీజను నాటికే ఈ తరగతులు మొదలుపెట్టవచ్చు.

అంతవరకు బండి ఉన్న ప్రతివారూ వారానికోసారి డిప్ స్టిక్కు తీసి చూడాలి. కొత్త శబ్దం వినిపించిన రోజున పాటలు ఆపి, అది ఎప్పుడు వస్తున్నదో రాసి పెట్టుకుని ఆ కాగితంతో షెడ్డుకు పోవాలి. 'ఇంజను దింపాలి' అన్న మాట వినబడితే 'ఏ పరీక్షలో తేలింది?' అని అడగాలి.